నిలబెట్టి మోయాలి

నవంబరులో మా వంటింటి కిటికీ అద్దం ఉప్పగా ఉంటుంది.
నాకి చూసే చెబుతున్నాను.
అట్లాంటిక్ అక్కడికి నలభై అడుగులు.

పదిహేడు వేసవులు ఈ ఇంటిని గీకాను.
ఏడాది విడిచి ఏడాది
నిచ్చెన, గీకుడు కత్తి, తలకి పాత తువ్వాలు,
గోళ్ళ కింద పసుపు పెచ్చులు.
రంగు వేయడం అయ్యేసరికి ఆగస్టు అయిపోయేది.
ఫిబ్రవరికల్లా పడమటి గోడ
ఎండకి కమిలిన వీపులా పొరలు వదిలేది.
లోపల కలప, వేలు పెడితే
నానిన రొట్టె.

"ఈసారి రంగు వేయను" అన్నాను.
అల్ఫియస్ చేప ముల్లు తీస్తూ తలెత్తలేదు.
"మరేం చేస్తావ్?"
"రంగు వేసి వచ్చేవే కొంటాను."

గాండర్‌లో దుకాణం.
సిమెంటు, ఇసుక, కలప పీచు కలిపి ఒత్తిన పలకలు,
ఫ్యాక్టరీలోనే రంగు పూసి ఆరబెట్టి పంపుతారట.
"చెద పట్టదు" అన్నాడు కుర్రాడు.
మా రేవులో చెదలెక్కడివిరా బాబూ,
వాటికి మాకంటే బుద్ధి ఎక్కువ.
"గడ్డకట్టి, కరిగి, మళ్ళీ గడ్డకడితే?"
మా దగ్గర ఒక్కరోజులోనే మూడుసార్లు అవుతుంది.
"రంగుకి పదిహేనేళ్ళు హామీ, అమ్మా."
వేళ్ళ మీద లెక్కపెట్టాను.
అప్పటికి నాకు డెబ్బై ఎనిమిది.
నిచ్చెన ఎక్కమన్నా ఎక్కను.

ఐదు నమూనా ముక్కలు తెచ్చి
చలికాలమంతా అరుగు కటకటాలకి కట్టి వదిలేశాను.
పోస్టాఫీసు ట్రిఫీనా నవ్వింది:
"సెలీనా, గోడలకి పెళ్ళిచూపులా?"
మార్చి చివర మంచు తవ్వి చూశాను.
బూడిదరంగు మబ్బులో కలిసిపోయింది.
తెలుపు మాటెత్తకండి, ఆరు నెలలు చూసేది అదే.
ఎరుపొక్కటే నా కళ్ళలోకి సూటిగా చూసింది.
మా మామగారి చేపల కొట్టం ఎరుపు అది,
జేగురు మట్టిలో కాడ్ నూనె కలిపి
ఆయన చేత్తో పూసిన ఎరుపు.
ఆ కొట్టం ఇప్పుడు లేదు.
దాన్ని అమ్మిన దగ్గరే అన్నదమ్ములకి మాటలు పోయాయి.
పదకొండేళ్ళు.
మా మరిది హెడ్లీ ఇల్లు రెండు కంచెల అవతలే.

జూన్‌లో లారీ దింపి వెళ్ళింది.
పన్నెండడుగుల పలకని అల్ఫియస్ ఒక్కడే
నడిమధ్య పట్టి, పళ్ళెంలా ఎత్తాడు.
రెండు కొసలూ వంగాయి.
టప్.
కాగితం మీద బొమ్మ వేసి మరీ చెప్పారు:
ఇద్దరు పట్టండి, అంచు మీద నిలబెట్టి మోయండి.
నేను పట్టాను. మూడో పలకకి
నా భుజం చెయ్యెత్తేసింది.

కంచె దగ్గర దగ్గు వినిపించింది.
హెడ్లీ. చేతితొడుగులు వేసుకునే వచ్చాడు.
ఎవరినీ ఏమీ అడగలేదు,
అవతలి కొస పట్టుకున్నాడు.

నిలబెట్టిన పలక భలే వస్తువు.
మోసే ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూడక్కర్లేదు.
ముందువాడికి గాలి, వెనకవాడికి అన్న వీపు.
అడుగు మాత్రం కలవాలి.
మొదటి రోజు వాళ్ళ మధ్య నడిచిన మాటలు నేను లెక్కపెట్టాను:
"ఎత్తు." "ఆగు." "మెట్టుంది."
రెండో రోజు:
"మేకు లోతుగా దిగింది."
"తెలుసు."
"తెలిసీ ఎందుకు దించావ్?"
అమ్మయ్య, దెబ్బలాట మొదలైంది అనుకున్నాను.

కోసిన ప్రతి కొసకీ అదే రోజు రంగు పూయాలి,
లేకపోతే పచ్చి అంచులోంచి నీళ్ళు దిగుతాయి.
చిన్న సీసా, గోళ్ళరంగు కుంచె అంత కుంచె.
ఆ పని హెడ్లీ తీసుకున్నాడు.
దుమ్ము పోకుండా ముక్కుకి కట్టిన ముసుగైనా తీయకుండా
ఒళ్ళో పెట్టుకుని ఒక్కో కొసా.
అల్ఫియస్ కొలత పేరు చెప్పి వెళ్ళి పక్కన నిలబడ్డాడు.
"నాన్నది ఇంకాస్త ముదురు."
కుంచె ఆగలేదు.
"ఆయన నూనె ఎక్కువ పోసేవాడు."

టీకి పిలిచాను. రాలేదు.
"రేపు ఉత్తరపు గోడ" అంటూ కంచె దాటాడు.

ఇప్పుడు అక్టోబరు.
గాలి పిడికిళ్ళతో వాన విసురుతోంది,
గోడ పలుకు మారింది, పాత డొల్ల చప్పుడు లేదు.
నాకింకా అలవాటు కాలేదు,
రాత్రుళ్ళు లేచి కూర్చుంటున్నాను.
రెండు పలకలు మిగిలితే షెడ్డులో పడుకోబెట్టాను,
దాచేటప్పుడు పడుకోబెట్టాలట.
వాటి మీద సీసా, అడుగున కాస్త ఎరుపు.
సీసా అట్ట మీద పెన్సిలుతో ఎవరో రాశారు:
దక్షిణపు మూల, వసంతంలో మళ్ళీ చూడాలి.
ఎవరు రాశారో చెప్పలేను.
ఇద్దరి చేతిరాతా ఒకటే.